మూడో కత్తెర

“ఆంటీ, ఈ ఫోటోలో మీ వెనకాల ఉన్నదేంటి? పెట్రోల్ బంకా?” అని అడిగాను.

ఆ ఆదివారం నాకు డ్యూటీ పడలేదు. ఇంగ్లండ్‌లో, కోవెంట్రీ ఊళ్ళో ఆంటీ వాళ్ళింట్లోనే పైగదిలో అద్దెకుంటున్నాను. కింద హాల్లో ఆంటీ ఇస్త్రీ చేస్తోంది. గోడమీద ఆ ఫోటోని నేను వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. ఇంత పెద్ద రేకుల కప్పు, దాని కింద పొడుగ్గా ఖాళీ రోడ్లు, ఒక్క బండి లేదు, మధ్యలో దుప్పటి పరుచుకుని నలుగురు కూచుని ఏదో తింటున్నారు. ఎవరూ రాని ఊరి స్టేషన్‌లాగా ఉంటుంది. ఎందుకో ఆ ఫోటో చూస్తే నాకు ఎక్కడికైనా వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఆంటీ ఇస్త్రీపెట్టె ఆపేసి కూచుంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నాను.

పెట్రోల్ బంకంటావా! నిజమేలే, ఇవాళ చూస్తే అలాగే ఉంటుంది, ఆ కప్పూ ఆ లైన్లూ. బోర్డరమ్మా అది. జర్మనీ రెండు ముక్కలుగా ఉండేది చూడూ, ఆ ముక్కకీ ఈ ముక్కకీ మధ్య గేటన్నమాట. మారీన్‌బోర్న్ అంటారు. ఇప్పుడు ఆపేవాడు లేడు, అడిగేవాడు లేడు. కొంత మ్యూజియంలాగా పెట్టారు, టిక్కెట్టు కూడా లేదు, మిగతాదంతా అలా వదిలేశారు. సిమెంటు పగుళ్ళలో గడ్డి మొలిచింది. కార్లన్నీ పక్క రోడ్డు మీద జుయ్యిమని పోతుంటాయి, ఒక్కడూ తల తిప్పి చూడడు. మేమేమో అక్కడ పులిహోర తిన్నాం. యూరో డబ్బులొచ్చిన మరుసటేడు సంగతి. ఫోటో తీసింది మా మరదలు, జర్మన్ పిల్ల. ఇదిగో ఈ బట్టతలాయన మా తమ్ముడు. విప్లవ్.

నవ్వకు. విప్లవ కుమారే. మా నాన్న పెట్టాడు. బెజవాడ గవర్నర్‌పేటలో ప్రెస్సులో కంపోజిటర్ ఆయన, సీసం అక్షరాలు ఒక్కోటీ ఏరి పేర్చేవాడు, నీకు తెలీదులే, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనేగా. ఎర్రజెండా మనిషి. మా ఇంట్లో దేవుడి పటం ఉండేది కాదు. పండక్కి అమ్మ పక్కింటికి పోయి దణ్ణం పెట్టుకుని వచ్చేది, నాన్న చూసీ చూడనట్టు పేపరు తిరగేసేవాడు. అలాంటి ఇంట్లోంచి నన్ను గుడివాడ వాళ్ళకిచ్చారు. మా అత్తగారికి పంచాంగం లేందే పాలు కూడా పొంగవు. ఏం చేస్తాం, పిల్లాడు ఇంగ్లండ్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఉన్నాడు, బుద్ధిమంతుడు, మీ అంకులే. పెళ్ళి పురోహితుడితోనే జరగాలన్నారు. మా నాన్న వచ్చి చివరి కుర్చీలో కూచుని వెళ్ళాడు. తమ్ముడు మాత్రం రాలేదు. పద్దెనిమిదేళ్ళ పొగరు. “మంత్రాలున్న చోటికి నేను రాను, నువ్వు కావాలంటే అమ్ముడుపో” అన్నాడు. అన్నాడమ్మా, అంత మాటన్నాడు. నేనూ ఊరుకున్నానా, “నాకు తమ్ముడు లేడనుకుంటాలే” అన్నాను.

తర్వాత నెలకో ఏమో వాడికి అక్కడ చదువుకోడానికి సీటొచ్చింది. తూర్పు జర్మనీ, అంటే ఎర్రజెండా వాళ్ళ ముక్క. లైప్జిగ్‌లో ప్రింటింగ్ చదువు. నాన్న సంతోషం చూడాలి నువ్వు! నేనిటు ఇంగ్లండ్, వాడటు జర్మనీ. మ్యాప్‌లో చూస్తే జానెడు కూడా లేదు. ఐదేళ్ళు, అవును ఐదే, మొహం చూసుకోలేదు. మధ్యలో నాన్న పోయాడు. టెలిగ్రాం వచ్చేసరికే అంతా అయిపోయింది. ఇద్దరం వెళ్ళలేదు. ఎవరింట్లో వాళ్ళం ఏడ్చాం. వాడు ఏడ్చాడో లేదో నాకేం తెలుసు, అనుకున్నాను అప్పుడు.

ఈలోగా మా అబ్బాయి కిరణ్ పుట్టాడు. ఇక్కడ మొదలైంది. వాడి పుట్టువెంట్రుకలు. నువ్వు చర్చికి పోయేదానివి, మా గోల నీకు వింతగా ఉంటుందేమో...

“మా వీధిలో అందరూ తీయించేవాళ్ళు ఆంటీ. నాకు తెలుసు” అన్నాను.

ఆఁ, అయితే సరే. మేనమామ కత్తెర పడందే మంగలి కత్తెర పడకూడదు. మూడు కత్తెరలు వాడు వెయ్యాలి, పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని. తర్వాత ఎవరైనా గీసుకోవచ్చు. మా అత్తగారు ప్రతి ఉత్తరంలోనూ అదే. ఏడాదిలోపు కుదర్లేదు. మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడే అంది. ఇండియా పోదామంటే టిక్కెట్లు మాటలా అప్పుడు? ముగ్గురికి మీ అంకుల్ సగం ఏడాది జీతం. పిల్లాడికేమో జుట్టు భుజాలు దాటిపోయింది. పక్కింటి మార్గరెట్ రోజూ “వాట్ ఎ ప్రెటీ లిటిల్ గర్ల్” అనేది. నర్సరీలో టీచరు రిబ్బన్ కట్టి పంపింది ఒకసారి, మీ అంకుల్ మొహం చూడాలి!

నిజం చెప్పనా? నాకు జుట్టు గురించి కాదు. అత్తగారికీ అంకుల్‌కీ జుట్టు గురించని చెప్పాను. నాకు లోపల ఏముందంటే, వాడు వచ్చి పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని కత్తెర వేస్తే నాకు పుట్టిల్లు ఉన్నట్టు. వెయ్యకపోతే లేనట్టు. అంతే.

వాణ్ణి ఇటు రమ్మంటే, పరీక్షల ఏడు, పర్మిషన్ ఇవ్వరు అని రాశాడు ముందే. మరి మేం అటు పోవాలంటే ఎలా? మీ అంకుల్ ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు, పడమటి జర్మనీ నుంచి బెర్లిన్‌లో వాళ్ళ సగానికి ఒక రోడ్డుంది, తూర్పు వాళ్ళ నేల మీదుగానే పోతుంది, దారి పర్మిషన్ గేటు దగ్గరే ఇస్తారు, కానీ ఆ రోడ్డు దిగకూడదు, మధ్యలో హోటళ్ళున్నాయి, టీ తాగొచ్చు, అక్కడి వాళ్ళని కలవకూడదు. మేం పట్టుకుంది ఆ హోటళ్ళ మాట. ఇప్పుడు తెలుస్తోంది, బెర్లిన్ పోయి ఒక్కరోజు వీసా తీసుకుని దర్జాగా అటుపక్కకి నడిచి వెళ్ళొచ్చంట! మాకెవరు చెప్పారు? కార్ల ఫ్యాక్టరీలో ఆయన చెప్పిందే మాకు వేదం.

నేను ఉత్తరం రాశాను. ఉత్తరాలు విప్పి చదువుతారని భయం, కానీ తెలుగు చదివేవాడు వాళ్ళకెక్కడ దొరుకుతాడులే అని ధైర్యం. ఫలానా బుధవారం, మాగ్డెబర్గ్ ఊరు దాటాక రెండో హోటల్, పదింటికి. పదిన్నర లోపు మంచి ఘడియలని అత్తగారు గుడివాడలో ఇద్దరు పంతుళ్ళనడిగి మరీ పంపింది. చివర్లో రాశాను, “వస్తే కత్తెర వెయ్యి. రాకపోతే ఆరోజు నేనన్న మాటే నిజమనుకుంటాను” అని. పోస్టులో వేసి ఇంటికొచ్చేలోపే ఎందుకు రాశానా అనిపించింది. ఎర్రడబ్బాలో పడ్డాక తీయగలమా?

జవాబు రాలేదు. జులైలో ఫ్యాక్టరీ సెలవులు. బయల్దేరాం. ఆవపిండి రంగు ఎస్టేట్ కారు, మీ అంకుల్ స్వయంగా ఇంజను విప్పి బిగించుకున్నది. పెట్రోలు గాలన్ రెండు పౌండ్లు కూడా లేదప్పుడు! హారిచ్‌లో ఓడెక్కి హాలండ్‌లో దిగాం. అక్కడ్నుంచి ఎదురుగా వచ్చేవన్నీ తప్పు పక్కన వస్తున్నట్టే ఉంటుంది, నేను కళ్ళు మూసుకుని కూచున్నా. ఈయనేమో “నువ్వు కళ్ళు మూసుకుంటే నాకు కనపడదు, తెరువు” అంటాడు. ఎడమ పక్క నేనున్నానుగా, ముందు లారీని దాటాలంటే తొంగి చూసి చెప్పేది నేనే. “రా, రా, ఆగాగు, ఇప్పుడు రా” అని. రిక్షావాడికి చెప్పినట్టు. రాత్రి హానోవర్ దగ్గర కార్లోనే పడుకున్నాం.

పొద్దున్నే గేటు చేరాం. ఇదే, ఈ ఫోటోలోదే. అమ్మో, అప్పుడు దాని వాలకమే వేరు! ఎన్ని లైన్లు, ఎన్ని బళ్ళు, పట్టపగలు కూడా వెలుగుతున్న లైట్లు. చప్పుడు లేదు. అంతమంది జనం ఉండి చప్పుడు లేకపోవడం నేనింకెక్కడా చూళ్ళేదు. పాస్‌పోర్టులు తీసుకుని ఒక పొడుగాటి రేకు గొట్టంలో వేస్తారు, లోపల బెల్టు తిరుగుతూ ఉంటుంది, మనకంటే ముందే అవి వెళ్ళిపోతాయి. అవి కనపడనంతసేపూ ప్రాణం ప్రాణంలో ఉండదు. కారు కింద చక్రాల మీద అద్దం తోస్తారు. ఒక కుర్రాడు, ఇరవై కూడా ఉండవు, యూనిఫాంలో, నన్ను చూసి తన చెవి పట్టుకుని చూపించాడు. నాకేం అర్థమయింది? బుట్టకమ్మలు తియ్యమంటున్నాడనుకున్నా. మెడలో గొలుసు కూడా అడుగుతాడేమో అని చెంగు కప్పుకుని, ముందు కమ్మలు తీసి వాడి చేతిలో పెట్టబోయా! వాడు ఎర్రగా అయిపోయి రెండడుగులు వెనక్కేశాడు. చెవి ఆకారం ఫోటోతో పోల్చి చూస్తారంట, జుట్టు పక్కకి తియ్యమన్నాడంతే. మీ అంకుల్ నవ్వాపుకోలేక చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎదురుగా గోడ గడియారం, పది చూపిస్తోంది. ఈయన చేతి గడియారం తొమ్మిది.

“వాళ్ళ గడియారం తప్పు” అన్నాను నేను.

“మనదే” అన్నాడు.

చూశావా? ఇక్కడికీ అక్కడికీ గంట తేడా. రాహుకాలం చూశాం, వర్జ్యం చూశాం, దుర్ముహూర్తం చూశాం. గడియారం చూళ్ళేదు. నేను పదంటే మా వంటింటి గడియారంలో పదే అనుకుని రాశాను. వాడికి పదంటే వాడి పది. వాడొస్తే ఈపాటికి అక్కడుంటాడు. అసలే అక్కడ ఊరికే నిలబడితే ఎవరో ఒకరు చూస్తుంటారు. మా ముందింకా పదిహేను బళ్ళున్నాయి.

అవన్నీ కదిలి మా పాస్‌పోర్టులు చేతికొచ్చేసరికి ముప్పావుగంట. ఇక రోడ్డెక్కాక, తొక్కు తొక్కు అంటాను నేను. ఈయన వంద మీద కిలోమీటరు కూడా ఎక్కించడు. వంద దాటితే పొదల్లోంచి పోలీసులొచ్చి ఆపుతారు, ఆపితే ఇంకో గంట అంటాడు. నిజమే. కానీ నా కాళ్ళు ఆగవే! ఎడమ పక్క కూచుని నేను కూడా తొక్కుతున్నా, నా కాళ్ళ కింద లేని యాక్సిలరేటర్ని. రోడ్డు సిమెంటు పలకలు, టక్ టక్, టక్ టక్ అంటుంది, అదొక గడియారం మళ్ళీ. ఇటూ అటూ గోధుమ చేలు, మంచి ఎండ, ఎంత అందమైన దేశమో, ఒక్క మనిషి లేడు. వెనక సీట్లో వీడు “మమ్మీ, కెనై హావ్ ఎ బిస్కట్” అని పాట.

హోటల్ చేరేసరికి పదకొండున్నర, వాళ్ళ లెక్కలో. లోపలికి పోయి చూశా. నలుగురైదుగురు లారీవాళ్ళు కాఫీ తాగుతున్నారు. వాడు లేడు. చీర కట్టుకుని ఆ హాలు మధ్యలో నిలబడ్డా, అందరూ చెంచాలు ఆపేసి చూస్తున్నారు. బయటికొచ్చేశా. “రాలేదండీ” అన్నాను. “వచ్చి వెళ్ళాడేమో” అన్నాడీయన. ఆ రెండిట్లో ఏది నయమో తెలీలేదు నాకు.

మీ అంకుల్ ఏం చేశాడంటే, పార్కింగ్ చివరికి బండి తీసుకుపోయి బానెట్ ఎత్తేశాడు. బాగున్న ఇంజనులోంచి ఏవో రెండు వైర్లు పీకాడు. చేతులకి గ్రీజు పూసుకున్నాడు. బండి చెడిపోయిందంటే కాసేపుండొచ్చుగా. ఇరవై నిమిషాలు ఆ ఇంజనుతో కుస్తీ పడుతున్నట్టు నటించాడు పాపం. జీవితంలో ఆయన ఆడిన నాటకం అదొక్కటే.

అప్పుడు వెనకనించి వినపడింది, “నీకు పదంటే పన్నెండా అక్కా?”

బక్కచిక్కి, గడ్డం పెంచి, ఎవరిదో పెద్ద కోటు తొడుక్కుని. పదినించీ ఉన్నాడంట. లోపల ఒకడు పేపరు అడ్డం పెట్టుకుని తనని చూస్తున్నాడని అనుమానమొచ్చి, దూరంగా రోడ్డు మీద వంతెనుంది, దానిమీదికెక్కి నిలబడ్డాడంట. కింద వచ్చే ప్రతి బండినీ చూస్తూ. స్టీరింగు కుడివైపున్న కారొకటి కనపడగానే అడ్డదారిన పరిగెత్తుకొచ్చాడు. ఐదేళ్ళుగా అనుకుని పెట్టుకున్న మాటలన్నీ పోయాయి. “అన్నం తిన్నావా?” అన్నాను. పన్నెండు కాబోతోంది, తిన్నావా అంటే తప్పేంలే.

వాడు వచ్చి మీ అంకుల్ పక్కన బానెట్ కింద తల దూర్చాడు, రిపేరుకి సాయం చేస్తున్నట్టు. అక్కడ్నించే, “నేనివన్నీ నమ్మను, నీకు తెలుసు” అన్నాడు.

“తెలుసు” అన్నాను.

“నాన్నా నమ్మలేదు.”

“నాన్న నా పెళ్ళికొచ్చాడు” అన్నాను. ఆ మాట అలా వచ్చేసింది. వాడు చేతులు కోటుకి తుడుచుకుని బంపరు మీద కూచుని, పిల్లాణ్ణి లాక్కుని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. కిరణ్ ఆ గడ్డం పట్టుకుని పీకాడు, వదల్లేదు. “వీడు సరుకున్నవాడే” అన్నాడు తమ్ముడు. కత్తెర ఇచ్చాను. “ఒకటి నాన్నకి, ఒకటి అమ్మకి, ఒకటి నీకు. దేవుడికి లేదు, చెప్తున్నా” అన్నాడు. సరేలేరా, ఆయనేమీ అనుకోడులే అన్నాను.

ఒక కత్తెర వేశాడు. నేను చెంగు పట్టుకున్నా, వెంట్రుకలు నేల పడకూడదుగా. రెండో కత్తెర వేశాడు. అప్పుడు పోలీసు బండి లోపలికొచ్చింది.

మెల్లగా వచ్చి ఆ చివర ఆగింది. ఒకతను దిగాడు. మా తమ్ముడు పిల్లాణ్ణి నా చేతిలో పెట్టి, “బావా, వైర్లు పెట్టేసి బయల్దేరు, వెనక్కి చూడొద్దు” అని లేచాడు. చెట్లలోకి పోతాడనుకున్నా. కాదు. సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకుని, తిన్నగా ఆ పోలీసు దగ్గరికే నడిచాడు, నిప్పడగడానికి పోయినట్టు. అతన్నటు తిప్పి నిలబెట్టి మాట్లాడుతున్నాడు. వెనక్కి చూడొద్దన్నా చూశాను. జేబులోంచి కాగితాలు తీసి ఇస్తున్నాడు. అంతవరకే కనపడింది.

ఆ రోడ్డు చివర, బెర్లిన్ గేటు దగ్గర, ఇంతసేపెందుకైందని అడిగారు. మీ అంకుల్ గ్రీజు చేతులు చూపించాడు. అక్కడొకడు పిల్లాడి తల చూశాడు, ముందు రెండు చోట్ల ఎలుక కొరికినట్టుంది. నేను వేళ్ళతో కత్తెర చూపించి, నేనే, అన్నాను. మంగలిపని నీకు రాదమ్మా అన్నట్టు తలాడించి వదిలేశాడు. నేను పైకి నవ్వాను.

నెలకి ఉత్తరమొచ్చింది. “అంతా క్షేమం. ఇక ఆ దారిన రావొద్దు.” రెండే ముక్కలు. హమ్మయ్య అనుకున్నా. అదే నా తెలివి. తర్వాత ప్రతి ఉత్తరంలోనూ వాణ్ణి సతాయించేదాన్ని, మూడోది ఎప్పుడురా, రెండు కత్తెరల మేనమామవి నువ్వు, అని. మంగలి దగ్గర కిరణ్‌కి వెనక ఒక్క పాయ వదిలేయించేదాన్ని, మూడోదానికని. అప్పుడిక్కడ పిల్లలందరికీ అదే ఫ్యాషనయ్యి కూచుంది, మనవాణ్ణి చూసి స్కూల్లో మెచ్చుకున్నారు కూడా! పదేళ్ళకి వాడే కోసి పారేశాడు. బెర్లిన్ గోడ పడిపోయాక తమ్ముడొకసారి ఇక్కడికొచ్చాడు, మూడ్రోజులు. పద్నాలుగేళ్ళ వాడు ఒళ్ళో కూచుంటాడా? “నో వే, మమ్” అని పైకి పోయి తలుపేసుకున్నాడు. మా తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. ఏమీ చెప్పలేదు.

ఇక ఇదిగో, ఈ ఫోటో రోజు. తమ్ముడి దగ్గరికి పోయినప్పుడు అందరం ఒకసారి ఆ దారిన పోదామన్నాం. వాడి కార్లోనే, వాడే డ్రైవింగ్. రోడ్డంతా కొత్తగా వేశారు, ఆ టక్ టక్ లేదు. ఆ గేటు దగ్గర పక్కకి తిప్పి లోపలికి తెచ్చాడు. ఖాళీ. అద్దాల గదుల్లో కుర్చీలు లేవు. ఆ రేకు గొట్టం ఉంది, లోపల బెల్టు కదలదు. కప్పు మీద పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. నేను చెవి చూపించిన చోటెక్కడో వెతికి ఈయనకి చూపిస్తే మళ్ళీ అదే నవ్వు. దుప్పటి పరిచి పులిహోర పెట్టాను. అందరం సరదాగా ఉన్నాం. అప్పుడు నోరూరుకోక అన్నాను, “మూడో కత్తెర ఇవాళైనా వేస్తావా, మళ్ళీ పోలీసు రావాలా?” అని.

తమ్ముడు నవ్వాడు. మా మరదలు నవ్వలేదు. తెలుగు బాగానే అర్థమవుతుంది తనకి. ప్లేటు కింద పెట్టి, “నువ్వు చెప్పలేదా ఈవిడకి?” అంది ఇంగ్లీషులో. వాడు జర్మన్‌లో ఏదో అన్నాడు, ఊరుకోమని కాబోలు. తను ఊరుకోలేదు.

ఆ రోజు ఆ పోలీసు కాగితాలు తిరిగివ్వలేదంట. తీసుకుపోయి రెండ్రోజులు కూచోబెట్టారంట. ఎవరా కారువాళ్ళు, ఏమిచ్చారు, ఏం తీసుకున్నావు. మా పేరు చెప్పలేదు వాడు. దారినపోయే బండికి రిపేరు చేశానన్నాడు. చివరేడు చదువు ఆపేశారు. ఏడాదిపాటు ప్రెస్సులో కాగితం రీళ్ళు మోశాడు. నడుం అప్పుడు పోయిందే, ఇప్పటికీ వంగలేడు. నేను ఆ ఏడాదంతా వాణ్ణి రెండు కత్తెరల మేనమామా అని రాస్తున్నాను చూడు.

చేతిలో పులిహోర ముద్ద చేతిలోనే ఉంది. “ఎందుకు చెప్పలేదురా?” అన్నాను.

“చెప్తే ఏం చేసేదానివి? ఇంకో పంచాంగం చూసేదానివి” అన్నాడు.

“నా గడియారం వల్లేగదరా ఇదంతా.”

“గడియారం వల్ల కాదక్కా. పదింబావుకే పోయుండొచ్చు నేను. వాడు చూస్తున్నాడని నాకు తెలుసు. పోలేదు. అంతే” అన్నాడు. చెప్పి, మంచినీళ్ళు తాగాడు.

నేను పసుపూ అక్షింతలూ సంచీలోంచి తియ్యనే లేదు. ఏ మొహంతో తియ్యను? గిన్నెలు సర్దుతున్నా. అప్పుడు కిరణ్ లేచాడు. ఇరవై మూడేళ్ళవాడు, ఆరడుగులు. మనం మాట్లాడుకునేదంతా వాడికి తెలుస్తుంది, తిరిగి చెప్పడం రాదంతే. వచ్చి ఆ సిమెంటు మీద, మేనమామ కాళ్ళ ముందు చతికిలబడి, వీపానించి కూచున్నాడు. “మామయ్యా, గో ఆన్” అన్నాడు.

తలమీద ఏముంది కొయ్యడానికి? మిషన్ పెట్టి నున్నగా గీయించుకున్నాడు, ఆ వేసవంతా అదే వేషం. తమ్ముడు ఆ తల మీద చెయ్యేసి చూశాడు. తర్వాత రెండు వేళ్ళు కత్తెరలాగా పెట్టి, నెత్తిమీద, కిచ్, అన్నాడు నోటితోనే. అన్నవాడు నా మొహం చూసి, “ఇది నీది” అన్నాడు.

నేను చెంగు పట్టానమ్మా! నాకే తెలీకుండా. పట్టి నిలబడ్డా. దాంట్లో ఏం పడుతుంది, గాలి తప్ప. అయినా మూట కట్టేశా. మీ అంకుల్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పక్కన రోడ్డుమీద బళ్ళు పోతూనే ఉన్నాయి...

ఆంటీ లేచి ఇస్త్రీపెట్టె మళ్ళీ ఆన్ చేసింది. గరాజ్‌లో అంకుల్ ఏదో సుత్తితో కొడుతున్న చప్పుడు. “ఆ మూట ఏం చేశారాంటీ?” అన్నాను.

ఏం చేస్తాం, తిరిగొచ్చేటప్పుడు ఓడమీద చల్లగాలికి చెంగు కప్పుకున్నాగా, అదే విడిపోయి ఉంటుంది. పోనీలే. అయిపోయిందిగా. మీ అన్నయ్య దుబాయ్‌లో అన్నావు కదూ? రెండేళ్ళయిందా చూసి? అక్కడికీ ఇక్కడికీ ఎన్ని గంటల తేడా, ముందది తెలుసుకో. తెలుసుకుని ఫోన్ చెయ్యి. నువ్వూ మీ వాళ్ళూ ఏ దారిన బయల్దేరినా, చెయ్యడ్డం పెట్టి ఆపేవాడు లేకుండా పోయి రండి తల్లీ. పోయి, రండి.